దసరాకి తెరిచి తీరతాం

చీపురుపల్లి నుంచి ఆమదాలవలస దాకా ఏ మిషను చర్చిలో ఎవరు ఇంగ్లీషులో ప్రసంగించినా, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది కృపారావే. వచ్చినవాడు కేరళవాడు కావచ్చు, నాగాలాండువాడు కావచ్చు, విమానం దిగి వచ్చిన తెల్లదొర కావచ్చు. సభలు పెట్టే పాస్టర్లు ముందుగా అడిగే మాట ఒకటే: "మన తర్జుమా కృపారావు గారు ఆ రోజు ఖాళీయేనా?"

ఆయన తర్జుమాకి ఒక పద్ధతి ఉండేది. ప్రసంగం చేసేవాడి కంటే తర్జుమా చేసేవాడు చల్లగా ఉండకూడదు. దొర నెమ్మదిగా "దేవుడు మీ కష్టం తీర్చగలడు" అంటే, కృపారావు చెయ్యి పైకెత్తి "తీరుస్తాడు! తీర్చి తీరతాడు!" అనేవాడు. "ఆశిద్దాం" అని అక్కడ అంటే "నిశ్చయం" అని ఇక్కడ పలికేది. "బహుశా" అన్న మాట ఆయన నోట్లో ఏనాడూ పుట్టలేదు. దొరకి తెలుగు రాదు, జనానికి ఇంగ్లీషు రాదు, మధ్యలో కృపారావుకి అడ్డేముంది? ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. అది చూసి దొర తన ప్రసంగం గొప్పదనుకుని మురిసిపోయేవాడు. ఎవరికీ నష్టం లేదు. దేవుడి పేరు మీద ఒక పిసరు ఎక్కువ చెప్పినంత మాత్రాన ఎవరి కొంప మునిగింది గనక?

ఆ అలవాటు చర్చి మెట్ల దగ్గరే ఆగి ఉంటే బాగుండేది.

కృపారావు ఉద్యోగం గోనె సంచులు నేసే జూట్ మిల్లులో. పనివాళ్ల హాజరు రాసే టైం ఆఫీసు గుమస్తా. పాత యజమాని చేతులెత్తేసి మిల్లుని కలకత్తా వాళ్లెవరికో అమ్మేశాడు. కొత్తవాళ్లు కొన్న నెలకే గేటుకి తాళం వేసి నోటీసు అంటించారు. ఆ మర్నాడే పనివాళ్లంతా గేటుకి అడ్డంగా ఒక టెంటు వేసుకుని కూర్చున్నారు. వంతులవారీగా నిరాహారదీక్ష. ఎండలు కాశాయి, గాలివానలు కొట్టాయి, టెంటు గుడ్డ చిరిగితే గోనె సంచులతోనే మాసికలు వేశారు. టెంటు మాత్రం కదల్లేదు.

దాని వెనక ఉన్న లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. టెంటు ఉన్నంతకాలం లారీ లోపలికి పోదు. లారీ పోకపోతే మగ్గాలు బయటికి రావు. మగ్గాలు లోపల ఉన్నంతకాలం అది తాళం వేసిన మిల్లు, ఎప్పటికైనా తెరుచుకుంటుంది. మగ్గాలు పోయాయా, ఇక మిగిలేవి గోడలే.

ఆ టెంటుకి ప్రాణం లాంటివాడు జగన్నాధం. నేత ఖాతాలో, అంటే నేసే విభాగంలో, మగ్గం మనిషి. కాస్త మెట్టపొలం ఉంది గానీ, అది వాన పడితేనే పొలం. అతనూ కృపారావూ పడుచుతనం నుంచి ఒకే షిఫ్టు. ఒకరి క్యారేజీలో ఇంకొకరు చెయ్యి పెట్టి తిన్నవాళ్లు. కృపారావుని అతను "కిరస్తానీ బావా" అని పిలుస్తాడు. కృపారావు అతన్ని ఉత్త "బావా" అంటాడు. కులం కలవదు, మతం కలవదు, కానీ వాళ్ల పిల్లలకి ఆ పిలుపులో వింత ఏమీ కనపడలేదు.

శ్రావణమాసంలో కలకత్తా నుంచి కొత్త యజమాని మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. పనివాళ్లతో నేరుగా మాట్లాడతాడట. అతనికి తెలుగు రాదు.

"బావా, ఆడేటంటాడో నువ్వే మాకు సెప్పాల," అన్నాడు జగన్నాధం. "యూనియనోలు సెప్తే నమ్మబుద్ధి కాదు. నీది దేవుడి మాటలు సెప్పిన నోరు."

ఆ మాటకి కృపారావు పొంగిపోయాడు. చర్చి నుంచి మైకుసెట్టు తనే తెప్పించాడు. ఆదివారాలకి దాచుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు.

వచ్చినవాడు కుర్రవాడే. మెత్తటి మనిషి. అందరికీ చేతులు జోడించాడు, కుర్చీ వేస్తే వద్దని నిలబడ్డాడు. అరుస్తాడని, బెదిరిస్తాడని సిద్ధపడి వచ్చిన జనం ఆ మర్యాదకే సగం కరిగిపోయారు. ముందు వరసలో ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మధ్యలో జగన్నాధం పెళ్లాం తాయారు. ఆ వెనక, సెలవు పెట్టి విశాఖపట్నం నుంచి వచ్చిన కృపారావు కూతురు షీబా నిలబడి ఉంది.

"ఓపెన్ మైండ్‌తో వచ్చాను" అన్నాడు కలకత్తా బాబు ఇంగ్లీషులో. అంటే ముందుగా ఏదీ ఖాయం చేసుకోకుండా వచ్చానని. కృపారావు మైకు పట్టుకుని, "మీ కష్టాలు వినడానికి గుండె తెరుచుకుని వచ్చాను!" అన్నాడు.

"స్టెప్ బై స్టెప్ వెళదాం" అన్నాడు బాబు. "ఒక్కో అడుగూ వేసుకుంటూ మిల్లు తెరిచేదాకా ఆగను!" అన్నాడు కృపారావు.

"మా బెస్ట్ మేం చేస్తాం." "మా ప్రాణం పెట్టి చేస్తాం!"

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. చర్చిలో ఆమెన్ అన్నట్టుగానే వినిపించింది కృపారావుకి. వీపు నిటారుగా అయింది. గొంతులోకి భక్తి రగిలించే ఉజ్జీవ సభల వేడి వచ్చేసింది.

అప్పుడు జగన్నాధం లేచాడు. "ఈ కబుర్లన్నీ బాగున్నాయి బాబూ. మిల్లు ఎప్పుడు తీస్తారు? అది సెప్పండి."

కృపారావు ఆ ప్రశ్నని ఇంగ్లీషులో అడిగాడు. కలకత్తా బాబు ఆకాశంకేసి చూసి, చిరునవ్వు నవ్వి, దసరాకి అయితే బాగుంటుందని ఆశ, కానీ "లెట్ అజ్ ప్లే ఇట్ బై ఇయర్" అన్నాడు.

ఆ మాటకి అర్థం కృపారావుకి తెలియకపోలేదు. మిషను హైస్కూల్లో హార్మోనియం నేర్పిన టీచరమ్మ నోట ఆయన ఎన్నోసార్లు విన్నదే. చేతిలో పాట కాగితం లేకుండా, చెవికి ఎలా తోస్తే అలా వాయించుకుపోవడం. అంటే, ఇప్పుడేం చెప్పలేం, అప్పటి పరిస్థితిని బట్టి చూసుకుందాం. అంతే. తెలుగు మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. "పరిస్థితిని బట్టి..." అని నోరు తెరిచి, ఎదురుగా చూశాడు.

తాయారు ఆయన నోటికేసే చూస్తోంది. కలకత్తా బాబుకేసి కాదు. అక్కడున్న అంత జనమూ ఆయన నోటికేసే చూస్తున్నారు. నెలల తరబడి గంజి తాగి కూర్చున్న ముఖాలవి. ఆ ముఖాల మీద చల్లనీళ్లు కుమ్మరించడం ఆయన చేత కాలేదు. ఏనాడూ అలవాటు లేని పని. పైగా, నిజం చెప్పాలంటే, ఆయనకి కూడా ఉద్యోగం కావాలి.

"దసరాకి తెరుస్తాం!" అన్నాడు కృపారావు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. "దసరాకి తెరిచి తీరతాం!"

జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఎందుకో తెలియకపోయినా కలకత్తా బాబు కూడా సంతోషంగా చప్పట్లు కొట్టాడు. ఆ ఊపులోనే, మొదటి అడుగుగా, ఒకరినొకరు నమ్ముతున్నామనడానికి గుర్తుగా, మీరు ఈ టెంటు తీసేస్తే బాగుంటుంది అన్నాడు. ఆ ఒక్క మాటనీ కృపారావు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు.

జగన్నాధం ఆయన్ని పక్కకి పిలిచాడు. "బావా, నా కళ్లలోకి సూసి సెప్పు. దసరాకి తీస్తామని ఆడు అన్నాడా?"

"ఇంతమందిలో మైకులో సెప్పినాను కాదేటి బావా?"

"నువ్వు సెప్పినావంటే సాలు," అన్నాడు జగన్నాధం. పోయి టెంటు గుంజల్లో మొదటిదాన్ని తన చేత్తోనే పెరికాడు. సాయంత్రానికి గేటు ముందు ఊడ్చిన నేల తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంటికి వచ్చాక షీబా తండ్రికి అన్నం వడ్డించింది. విశాఖపట్నంలో ఆ పిల్ల ఉద్యోగం ఒక కంపెనీ ఫోన్లకి సమాధానం చెప్పడం. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో ఫోను చేసి వస్తువు పాడయిందనీ, డబ్బు వెనక్కి రాలేదనీ మొత్తుకుంటే, ఇంగ్లీషులో ఓదార్చి పెట్టేయాలి. తండ్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"నాన్నా, ఆయన తెరుస్తామని అన్నేదు కదా."

"భావం సెప్పాలమ్మా. మాటకి మాట పెట్టుకుంటూ పోతే అది తర్జుమా అవదు."

"భావమే సెప్తన్నాను నేను. ఓపెన్ మైండ్, స్టెప్ బై స్టెప్, మా బెస్ట్ మేం చేస్తాం... ఇవన్నీ మాకు ట్రైనింగులో నేర్పిస్తారు నాన్నా. పని అవదని తెలిసినప్పుడు అనాల్సిన మాటలివి. అవతలోడు తిట్టకుండా ఫోను పెట్టేయాల, మనం దేనికీ దొరక్కూడదు. రోజంతా నేను సేసే పని అదే. ఆ బాబు ఒక్క మాటకి కూడా దొరకలేదు. దొరికింది నువ్వు."

కృపారావుకి కోపం వచ్చింది. ఆ కోపం నిలవలేదు. కంచం ఎత్తబోతూ మళ్లీ కింద పెట్టాడు.

"ఇంకా మించిపోయిందేటి నేదు," అంది షీబా. "పొద్దున్నే ఎల్లి జగన్నాధం మావకి సెప్పేయి. టెంటు మళ్లీ ఏసుకుంటారు."

పొద్దున్నే వెళ్లాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. జగన్నాధం వాకిట్లో కూర్చుని, మూలపడి ఉన్న సైకిలుకి నూనె పెడుతున్నాడు, మిల్లుకి పోయే సైకిలు. చూరు కింద తీగ మీద అతని ఖాకీ చొక్కా ఉతికి ఆరేసి ఉంది. తాయారు లోపలి నుంచి గ్లాసుతో టీ తెచ్చి, "అన్నయ్యా, పైడితల్లమ్మకి మొక్కినాను. మిల్లు తీసిన రోజు మీ ఇంటికి బూరెలు అంపిస్తాను, మీరు పెసాదం తినరని నాకు తెలుసు, అందుకే అమ్మోరికి పెట్టకముందే తీసి ఉంచుతాను," అంది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

కృపారావు టీ తాగాడు. మాట నోటిదాకా వచ్చింది, టీతో పాటు లోపలికి పోయింది. "ఏటి బావా, ఇంత పొద్దున్నే?" అని జగన్నాధం అడిగితే, "ఉత్తినే, ఇటు పనుండి వచ్చినాను," అన్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఇంగ్లీషు మాట ఒక్కటీ లేకుండానే కలకత్తా బాబు లాగా తప్పుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు అది తనకే తెలిసింది, సిగ్గుపడ్డాడు, అయినా వెనక్కి తిరగలేదు.

ఆ రేపు రాకముందే లారీలు వచ్చాయి. ఇంకా తెల్లారుతూనే, ముందు పోలీసు జీపు, వెనక పొడుగాటి లారీలు, వాటి వెనక క్రేను. ఊళ్లోవాళ్లు గేటు దగ్గరికి పరుగెత్తేసరికి దారి పొడుగునా తాళ్లు కట్టి ఉన్నాయి. లోపల ఇనుము కోసే చప్పుడు. కాసేపటికి మొదటి లారీ బయటికి వచ్చింది. దాని మీద మగ్గాలు పక్కకి పడుకోబెట్టి ఉన్నాయి. తను పని చేసిన మగ్గాన్ని జగన్నాధం గుర్తుపట్టాడు. చట్రానికి అతను పూసిన కుంకం ఇంకా పోలేదు.

"ఆడికి ఫోను సెయ్యి బావా!" అని అరిచాడు.

ఆ రోజు బాబు ఇచ్చి వెళ్లిన నంబరుకి కృపారావు ఫోను చేశాడు. కలకత్తా బాబు వెంటనే ఎత్తాడు. అదే మెత్తటి గొంతు. కంగారు పడకండి, మేం అంతా "బై ది బుక్" చేస్తున్నాం, అన్నాడు.

"ఏటంటన్నాడు?"

"అంతా రూలు ప్రకారమే సేస్తన్నామని అంటన్నాడు," అన్నాడు కృపారావు. ఇది ఉన్నదున్నట్టే చెప్పాడు.

"దసరాకి తెరుస్తామని మాటిచ్చినావు కాదేటిరా అని అడుగు! ఇంతమందిమి విన్నాం, అడుగు!"

కృపారావు అడగలేదు. అవతల బాబు ఫోను ఎప్పుడో పెట్టేశాడు. చేతిని కిందికి దించాడు. చుట్టూ అందరూ, ఆ రోజులాగే, ఆయన నోటికేసే చూస్తున్నారు.

"ఆ మాట ఆడు అన్నేదు బావా. చూద్దాం అన్నాడు. తెరిచి తీరతామన్నది నేను."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. జగన్నాధం చెయ్యెత్తలేదు, తిట్టలేదు. అతని ముఖంలోంచి ఏదో దిగిపోయింది. వెనక ఎవరో రాయి ఎత్తితే, వాడి చెయ్యి పట్టుకుని దింపించాడు కూడా. అప్పుడు కృపారావుకేసి తిరిగి, ఎవరో కొత్తమనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"మీరు ఇంటికి ఎల్లండి, కృపారావు గారూ."

జీవితంలో చాలామంది ఆయన్ని గారూ అన్నారు. పాస్టర్లు అన్నారు, దొరలు అన్నారు. ఆ మర్యాద ఒక మనిషిని ఇంత దూరం తోసేయగలదని ఆయనకి ఆ పొద్దున తెలిసింది.

దసరా వచ్చింది, వెళ్లింది. జగన్నాధం చెన్నైలో ఎక్కడో కట్టే భవనానికి కాపలా పనికి పోయాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కేటప్పుడు చూద్దామని కృపారావు వెళ్లాడు గానీ, ప్లాట్‌ఫారం చివర నిలబడిపోయాడు. జగన్నాధం చూశాడు. చూసి, సంచి సర్దుకుని, ఎక్కి కూర్చున్నాడు. పడుచుతనం నుంచి వాళ్లిద్దరూ ఇన్నాళ్లు మాట్లాడకుండా ఉన్నది లేదు.

క్రిస్మస్ ముందర ఉజ్జీవ సభలు పెట్టారు. స్టేషను వెనక ఖాళీ స్థలంలో పెద్ద పందిరి. నాగాలాండు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. కృపారావు తాను రానన్నాడు. పాస్టరు ఇంటికి వచ్చి, "మీరు కాకపోతే మాకు ఎవరున్నారండీ? ఆ మిల్లు సంగతి జనం మర్చిపోయారు. దేవుడి పని ఆగకూడదు కదా," అని బతిమాలి ఒప్పించాడు. జనం మర్చిపోలేదని పందిట్లో అడుగు పెట్టగానే తెలిసింది. మిల్లు వాళ్లు చాలామంది వచ్చారు. నష్టపోయినవాళ్లు ఇలాంటి చోట్లకే కదా వస్తారు. హిందువులూ ఉన్నారు, కిరస్తానీలూ ఉన్నారు. పందిరి ద్వారం దగ్గర, గంపలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టుకుని అమ్ముతోంది తాయారు.

ప్రసంగీకుడు మంచివాడు. మనసులో ఉన్నదే మాట్లాడే మనిషి. దేవుడి మీద అతనికి ఏ అనుమానమూ లేదు. చెయ్యి పైకెత్తి ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు: మూసిన తలుపు ఆయన తెరుస్తాడు! మాట ఇచ్చాడు, తప్పకుండా తెరుస్తాడు!

కృపారావు మైకు దగ్గరికి జరిగాడు. ఎదురుగా ముఖాలు. అవే ముఖాలు, ఇంకాస్త నల్లబడి, ఇంకాస్త పీక్కుపోయి. మళ్లీ ఆయన నోటికేసే చూస్తున్నాయి. తెరిచి తీరతాడు అనాలి. ఏళ్ల తరబడి అన్న మాటే. నోరు తెరిచాడు.

"మూసిన తలుపు తెరవడానికి... దేవుడు ప్రయత్నం చేస్తాడట," అన్నాడు కృపారావు.

ముందు కూర్చున్న పాస్టరు తలెత్తి చూశాడు. ప్రసంగీకుడికి తెలుగు రాకపోయినా, రావలసిన ఆమెన్ రాలేదని అర్థమయింది. ఇంకా గట్టిగా, ఒక్కో మాటా ఒత్తి మళ్లీ చెప్పాడు: తప్పకుండా! నిశ్చయంగా!

"పరిస్థితిని బట్టి చూస్తానంటున్నాడు," అన్నాడు కృపారావు. చెయ్యి పైకి లేవలేదు.

పాస్టరు గబగబా వేదిక ఎక్కి మైకు అందుకుని పాట ఎత్తుకున్నాడు. జనం తడబడుతూ గొంతు కలిపారు. కృపారావు వేదిక వెనక నుంచి దిగి, తెల్లచొక్కా చెమటకి వీపుకి అంటుకుపోగా, ద్వారం వైపు నడిచాడు. తాయారు గంప దాటుకునే పోవాలి. వేరే దారి లేదు.

ఆమె తల ఎత్తలేదు. ఎవరికో వేరుశనక్కాయలు కాగితంలో పొట్లం కడుతోంది. ఆయన కాళ్లు గంప ముందుకి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆపింది.

"ఈసారి సరిగ్గా సెప్పినారు, కృపారావు గారూ," అంది.